కంబోడియా చదువు

ఎం.ఏ.లో సీటు వచ్చిందని చెప్పడానికి వెళ్ళినప్పుడు మా నాన్న బెల్లం వండుతున్నాడు. తుమ్మపాల దాటాక కాలవ గట్టు మీద మా గానుగ ఉంది. పెద్ద పెనంలో చెరకురసం మరుగుతుంటే పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోస్తూ, నావైపు తిరక్కుండానే విన్నాడు.

"ఏరియా స్టడీసంటే ఏటిరా? ఏరియా ఆస్పత్రిలో ఉజ్జోగమా?"

"కాదు నాన్నా. ఒక ప్రాంతం తీసుకుని దాని గురించి అన్నీ సదవడం. బాస, చరిత్ర, పంటలు, రాజకీయం."

"ఏ ప్రాంతం?"

"ఆగ్నేయాసియా. మాకు ముఖ్యంగా కంబోడియా."

ఆయన గరిటెతో నురగ తీసి పక్కన పోశాడు. "అక్కడ సెరుకు పండుతాదా?"

"పండుతాది."

"అయితే సదువు."

అంతే. ఆ దేశం పేరు మా ఇంట్లో భయం లేకుండా పలికింది ఆ ఒక్కసారే.

మా యూనివర్సిటీ హైవే పక్కన ఉండేది. ప్రైవేటుది. చుట్టూ పొలాలు, మధ్యలో అద్దాల మేడలు. గేటు దగ్గర వేలిముద్ర వేస్తే తప్ప లోపలికి పోనిచ్చేవారు కాదు, బయటికీ రానిచ్చేవారు కాదు. ఇంజనీరింగ్ పిల్లలు వేలల్లో ఉండేవారు. మేం చివరి బ్లాకులో, పై అంతస్తులో, లిఫ్టు వెళ్ళని చోట ఉండేవాళ్ళం. మా క్లాసు మొత్తం ఒక ఆటోలో పట్టేస్తుంది. అందులో సగంమంది ఇంకెక్కడా సీటు రాక వచ్చినవాళ్ళు. దసరా సెలవుల తర్వాత వాళ్ళలో కొందరు తిరిగి రాలేదు. ఖాళీ కుర్చీలను ఎవరో ఒక్కొక్కటిగా పట్టుకుపోయారు. ఒకరోజు వచ్చేసరికి తలుపు మీద డిపార్టుమెంటు పేరున్న బోర్డు కూడా లేదు. రంగు వేయడానికి తీశామన్నారు. మళ్ళీ పెట్టలేదు.

ఆ మిగిలిన కొద్దిమందిలో నాకు దొరికినవాడు బావ.

బంధుత్వమేమీ లేదు. మా వైపు మగపిల్లలు కాస్త దగ్గరైతే బావా అనో మామా అనో పిలుచుకుంటారు, మాకది బావా అని కుదిరింది. వాడిది రావికమతం దాటాక కొండవారన చిన్న ఊరు. వాళ్ళకి మెట్టచేలు, కాసిని జీడిమామిడి చెట్లు ఉన్నాయి. వాళ్ళింట్లో డిగ్రీ దాటి చదివింది వాడొక్కడే. నేనీ కోర్సులో చేరింది పేరు కొత్తగా ఉందని. వాడు చేరింది ఒక నది కోసం.

"ఆ దేశంలో ఒక నది ఉంది బావా," అన్నాడు మొదటివారంలోనే, క్యాంటీన్లో టీ తాగుతూ. "తోన్లే సాప్ అంటారు. వానాకాలం వచ్చిందంటే ఎనక్కి పారతాది. పెద్ద నది పొంగి దీన్ని తోసేత్తాది. నీళ్ళన్నీ వచ్చి సరస్సులో పడతాయి. సరస్సు ఊళ్ళ మీదికి పెరుగుద్ది. ఇళ్ళు తేల్తాయి. సూడాలి బావా. ఒక్కసారి సూడాలి."

వాడి కళ్ళల్లో ఆ నీళ్ళు కనిపించేవి.

మాకు పాఠం చెప్పే మేడమ్ ఒక్కరే. గుంటూరు వైపు మనిషి, నలభై దాటినావిడ. పరిశోధన కోసం కంబోడియాలో చాలాకాలం ఉండి వచ్చారు. అనకాపల్లి గవరపాలెంలో ఒక మేడమీద గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేవారు. అక్కడి ఖ్మేర్ భాష రాని తెలుగువాడు ఉండడానికి వీల్లేదన్నట్టు నేర్పేవారు.

"ఇది మీకు పరాయి లిపి కాదు," అన్నారు మొదటిరోజు. బోర్డు మీద రాసి చూపించారు. క, ఖ, గ, ఘ, ఙ. అదే వరస. అక్షరం తల మీద మనకున్నట్టే చిన్న జుట్టు. కింద వత్తులు. "వాళ్ళు వత్తుని కాలు అంటారు. అక్షరానికి కాళ్ళు. వాళ్ళ అక్షరాల కాళ్ళు గుర్తుపట్టడం వస్తే సగం చదువు వచ్చినట్టే."

మాటలు కూడా అలాగే చుట్టాల్లా వచ్చాయి. ఊరిని 'భూమ్' అంటారు. గురువుని 'క్రూ' అంటారు. తలుపుని 'త్వియా' అంటారు, అది మన ద్వారమే. క్లాసు మొదలవగానే మేడమ్ ఆఖర్న వచ్చినవాళ్ళతో "బెత్ త్వియా" అనేవారు. తలుపు వెయ్యమని. ఆ భాషలో మాకు ముందుగా పట్టుబడ్డ వాక్యం అదే.

మాకు కుదరనివి రెండు మాటలుండేవి. ఒకటి నీళ్ళు. ఇంకొకటి దుఃఖం. ఆ రెంటికీ వాళ్ళ నోట్లో సన్నటి తేడా ఉంది, మా నోళ్ళలో మాత్రం రెండూ 'తుక్' అనే పడేవి. "నీకు కావలసింది మొదటి తుక్కా, రెండో తుక్కా?" అని మేడమ్ నవ్వేవారు. మేం దాహం వేసినప్పుడల్లా మొదటి తుక్ కావాలనేవాళ్ళం. పరీక్ష పోతే రెండో తుక్ తాగామనేవాళ్ళం.

చేరేటప్పుడు కంబోడియాకి ఫీల్డ్ ట్రిప్ ఉంటుందని చెప్పారు. రెండో ఏడాదికి అది రాజయ్యపేటగా మారింది. సముద్రం పక్క ఊరు, చేపలు పట్టేవాళ్ళ జీవితం, పోల్చి చూడవచ్చు అన్నారు. యూనివర్సిటీ బస్సు నక్కపల్లి మీదుగా తీసుకెళ్ళి ఇసకలో దింపింది. బావ ఎవరితోనూ కలవకుండా వెనకబడి నడిచాడు.

అక్కడ ఒక పెద్దాయన పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మేం ఏం చదువుతున్నామో అడిగాడు. చెప్పాం. చేతిలో పని ఆపాడు.

"ఆ దేశంలోనే ఉన్నాడు మా మేనల్లుడు," అన్నాడు. "కంప్యూటర్ పనంట. ఏజెంటు అట్టుకెళ్ళేడు."

"బాగున్నాడా తాతా?" అన్నాడు బావ, ఆ రోజు మొదటిసారి హుషారుగా.

"ఫోన్ సేత్తాడు. నవ్వుతాడు." ముసలాయన సముద్రంవైపు చూశాడు. "ఆడు నవ్వీ మనిషి కాడు బాబూ. సిన్నప్పుణ్ణించీ ఎరుగుదును. ఇప్పుడు ఫోనెత్తితే నవ్వుతాడు."

మేడమ్ ఆయన పక్కన ఇసకలో కూర్చుని మెల్లగా ఏవో అడిగారు. ఏ ఊళ్ళో ఉన్నాడు, ఎవరు తీసుకెళ్ళారు. ఆయనకు తెలియదు. తిరుగు ప్రయాణంలో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని అనకాపల్లి వచ్చేదాకా తనకు తెలిసిన అక్కడి మనుషులకి మెసేజీలు పెడుతూనే ఉన్నారు.

ఆ నెలలోనే మా క్లాసుని సెమినార్ హాలుకి పిలిచారు. ప్లేస్‌మెంటు అన్నారు. మా డిపార్టుమెంటుకి ప్లేస్‌మెంటు అన్నమాట అంతకుముందు ఎవరూ వాడలేదు. ఒకాయన వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తటి గొంతు, అందర్నీ తమ్ముడూ చెల్లెమ్మా అంటాడు. కంబోడియాలో పెద్ద కంపెనీ, కస్టమర్ సర్వీసు, భాష వచ్చినవాళ్ళు చాలా తక్కువమంది దొరుకుతున్నారు, మీ చదువుకి అసలైన విలువ అక్కడే, అన్నాడు. ఆరేళ్ళుగా అక్కడా ఇక్కడా తిరుగుతున్నానన్నాడు.

వెనక వరసలో కూర్చున్న మేడమ్ లేచారు. ఖ్మేర్‌లో ఏదో అడిగారు. చాలా తేలికైన వాక్యం, మాకూ అర్థమైంది. మీ కంపెనీ ఏ ఊళ్ళో ఉంది, అని.

ఆయన నవ్వుతూ చూశాడు. ఆవిడ మళ్ళీ అడిగారు. ఆయన అలాగే నవ్వుతున్నాడు.

"ఆరేళ్ళున్నవారికి ఊరన్న మాట కూడా రాదా అండీ?" అన్నారు ఈసారి తెలుగులో.

"మేడమ్, మాదంతా లోపలే. క్యాంపస్ దాటి బయటికి రానక్కర్లేదు. అన్నం, గది, జిమ్ము, అన్నీ లోపలే. ఊరితో పనేముంది?" అని మావైపు తిరిగి, "టూరిస్టు వీసా మీద వెళ్తారు తమ్ముడూ. అక్కడికెళ్ళాక మార్చేస్తారు," అన్నాడు.

మేడమ్ ఆ సాయంత్రమే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. అక్కడ గోడలు కట్టిన మేడలున్నాయని, లోపలికి తీసుకెళ్ళినవాళ్ళ పాస్‌పోర్టులు లాక్కుంటారని, వాళ్ళతో ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద జనాన్ని మోసం చేయిస్తారని. బావ తల వంచుకుని విన్నాడు. అందరూ లేచి వెళ్ళాక నాతో అన్నాడు.

"అన్ని కంపెనీలూ అలాగే ఉంటాయేటి బావా? నాకు బాస వచ్చు. బాస రానోణ్ణయితే మోసం సేత్తారు. నన్నెలా సేత్తారు?"

"మేడమ్ ఊరికే సెప్తారేటి?"

"మేడమ్ ఎళ్ళొచ్చేరు కదా. నది సూసేరు కదా. నేను రాజయ్యపేట సూసేను."

తర్వాత చాలాసార్లు చెప్పి చూశాను. వాళ్ళ నాన్నతో చెప్పించాను. మేడమ్ రెండుసార్లు ఇంటికి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. వాడు వింటాడు, తలూపుతాడు, మళ్ళీ ఆ తెల్లచొక్కా ఆయనతో ఫోన్లో మాట్లాడతాడు. ఇంతలో మేడమ్‌కి వచ్చే సెమిస్టరు నుంచి రానక్కర్లేదని కబురు వచ్చింది. విద్యార్థులు లేరన్నారు. ఆవిడ సెమినార్ హాల్లో లేచి అడిగినదానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు.

బావ ఆఖరి సెమిస్టరు పరీక్షలు రాయకుండానే వెళ్ళాడు. సప్లిమెంటరీలో రాసుకుంటానన్నాడు. అనకాపల్లి స్టేషన్లో హైదరాబాదు రైలెక్కించాను. వాళ్ళమ్మ జీడిపప్పు పొట్లం కట్టి ఇచ్చింది. రైలు కదిలాక కూడా వాడు తలుపు దగ్గరే నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. వాడి వెనకాల తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఒకడు నిలబడి వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన కాదు, వేరే ఎవరో. వాణ్ణి నేను ప్లాట్‌ఫారం మీద చూడలేదు. ఎప్పుడెక్కాడో తెలియదు.

మొదటిరోజు ఎయిర్‌పోర్టు నుంచి ఫోటోలు పంపాడు. బోర్డుల మీద అక్షరాలు. 'సదివేసేను బావా, అన్నీ సదివేసేను' అని వాయిస్ మెసేజీ. గొంతు వణికిపోతోంది సంతోషంతో.

తర్వాత కబురు లేదు. నేను చేస్తే రింగవదు. రెండో వారం దాటాక ఒక మధ్యాహ్నం వాడి నుంచి ఫోన్ వచ్చింది.

"హలో బ్రదర్. ఎలా ఉన్నావు?"

నేను నంబరు చూసుకున్నాను. వాడిదే.

"బావా?"

"ఆఁ బ్రదర్. ఇక్కడంతా చాలా బాగుంది. కంపెనీ చాలా బాగుంది. ఫుడ్ బాగుంది. మనవాళ్ళెవరైనా ఉంటే చెప్పు బ్రదర్, మంచి అవకాశం."

మాటలు పుస్తకంలో ఉన్నట్టు వస్తున్నాయి. మా ఊరి యాస ఒక్కచోట లేదు. వాడి గొంతు అటూ ఇటూ మోగుతోంది, స్పీకరు పెట్టినట్టు.

"నది సూసేవా?" అన్నాను.

"టైం దొరకలేదు బ్రదర్. ఇక్కడ తుక్ ఎక్కువ తాగుతున్నాను. ఎండలు కదా. రెండోది తాగుతున్నాను." ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, పక్కనున్నవాడెవడైనా ఏదో డ్రింకు అనుకుంటాడు.

రెండో తుక్ అంటే మాకు దుఃఖం. అదే సమయంలో వాడి వెనక ఎక్కడో దూరం నుంచి ఒక మగగొంతు అరిచింది. తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. "బెత్ త్వియా." ఆ వెంటనే ఇనప తలుపు పడ్డ చప్పుడు. ఫోన్ కట్టయింది.

అప్పుడు నేను రైతుబజారు దగ్గర ఉన్నాను. చుట్టూ కూరగాయల వాళ్ళు ధరలు అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్య ఆ తలుపు చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.

అక్కణ్ణించి గవరపాలెం వెళ్ళాను. మేడమ్ సామాను అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. నా ఫోన్లో మాటలన్నీ రికార్డయ్యే ఏర్పాటు ఉంది. వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. 'రెండోది తాగుతున్నాను' దగ్గర ఆపమన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. తర్వాత చివర్లో ఆ అరుపు దగ్గర ఫోను చెవికి ఆనించుకున్నారు.

"తలుపు వెయ్యమన్న తర్వాత ఇంకో ముక్క ఉంది," అన్నారు. "ఇండియావాళ్ళని కిందికి దింపు, అంటున్నాడు." ఆవిడ చేతిలో ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టడానికి చోటు దొరకనట్టు చుట్టూ చూశారు. "పద, వాళ్ళ ఊరు వెళ్దాం."

రావికమతం దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. వాళ్ళింటి వాకిట్లో జీడిపిక్కలు ఎండబోశారు. బావా అని పిలుచుకుంటాం కాబట్టి వాళ్ళమ్మని నేను అత్తా అనేవాణ్ణి. ఆవిడ మమ్మల్ని చూడగానే ఏమీ అడక్కుండా చాప తెచ్చి వేసింది.

"మీరొత్తారని నాకు తెలుసు," అంది. "ఆడు ఫోన్ సేత్తన్నాడు. సేసినప్పుడల్లా అమ్మా అన్నం తిన్నావా అని అడిగీవోడు. ఇప్పుడు అడగట్లేదు. తను తిన్నానని సెప్తన్నాడు. నేనడక్కుండానే సెప్తన్నాడు."

మేడమ్ చెప్పగలిగినంతవరకే చెప్పారు. వాళ్ళ నాన్న అరుగు మీద కూర్చుని విని అన్నాడు.

"ఎవులికి సెప్పాలమ్మా? మాం ఎప్పుడూ టేసన్ గడప తొక్కనేదు."

మర్నాడు అందరం అనకాపల్లిలో పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. అక్కడి ఎస్సై ఓపిగ్గా విన్నాడు. ఇలాంటివి ఇంకా వస్తున్నాయన్నాడు. "మేం పైకి రాస్తాం, వాళ్ళు ఢిల్లీకి రాస్తారు, అక్కడి ఎంబసీకి వెళ్తుంది. కానీ ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏ మేడలో ఉన్నాడో తెలియాలి కదా. దేశం మొత్తం వెతకమంటే ఎవడు వెతుకుతాడు?"

వాడికే తెలుసో లేదో అనుకున్నాను. తెలిసినా చెప్పనిచ్చేవాళ్ళు కారు. తిరిగి వస్తూ ఆటోలో మేడమ్ ఒక మాట చెప్పారు. బోర్డు ఏదైనా కనబడితే ఊరు తెలుస్తుంది, ఈసారి ఫోన్ చేస్తే అక్షరాలని అనకుండా కాళ్ళు చూపించమని అడుగు, అన్నారు.

ఆ ఫోను కోసం ఎదురుచూసిన రోజులు ఎలా గడిచాయో సరిగ్గా గుర్తులేదు. స్నానానికి వెళ్తే ఫోను మా అమ్మకి ఇచ్చి వెళ్ళేవాణ్ణి. చివరికి ఒక ఉదయం వీడియో కాల్ వచ్చింది. స్క్రీన్ రికార్డింగు పెట్టి ఎత్తాను. బావ ఒక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బుగ్గలు పీక్కుపోయాయి. తల దువ్వి ఉంది, ఎవరో కూర్చోబెట్టి దువ్వినట్టు. నవ్వుతున్నాడు. రాజయ్యపేట ముసలాయన గుర్తొచ్చాడు.

"బ్రదర్, ఇంట్లో అందరికీ చెప్పు, నేను హ్యాపీగా ఉన్నాను."

"సెప్తాను. ఒరే, మేడమ్ నిన్నడిగేరు. అక్కడ కాళ్ళెలా ఉన్నాయో ఒకసారి సూపించమన్నారు. ఇక్కడి కాళ్ళకీ అక్కడి కాళ్ళకీ తేడా సూత్తారంట."

వాడి నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం నా మీద నిలిచాయి.

"కాళ్ళు బాగానే ఉన్నాయని చెప్పు బ్రదర్. ఇక్కడ ఎండ మొహం మీద పడుతోంది, ఉండు," అంటూ జరిగాడు. ఫోను పక్కకి తిరిగింది. ఇనప ఊచలున్న కిటికీ, దాని అవతల రోడ్డు, రోడ్డు అవతల ఒక షాపు మీద ఆకుపచ్చ బోర్డు. రెప్పపాటు అంతే. మళ్ళీ గోడ. మళ్ళీ వాడి నవ్వు.

ఆ రెప్పపాటు చాలు. రికార్డింగు ఆపి ఆ బొమ్మని పెద్దది చేసి మేడమ్ గదిలో అట్టపెట్టెల మీద పెట్టుకుని చూశాం. అంతా మసకగా ఉంది. పై వరస మొదటి అక్షరం కనిపించలేదు. రెండోది 'స' అనుకున్నాను. తర్వాత 'థ'. దాని పక్క 'స' కింద ఒక కాలు. అది 'థ' వత్తు.

"ఓసథస్థాన్," అన్నాను.

"ఔషధస్థానం," అన్నారు మేడమ్. "మందుల షాపు."

కింద చిన్న అక్షరాల్లో ఊరి పేరు ఉంది. దాన్ని నేనే చదివాను. రెండేళ్ళ చదువులో ఏ పరీక్షలోనూ రాని సంతోషం ఒక్క క్షణం నా గొంతు దాకా వచ్చింది. ఆ బోర్డుకి అడ్డంగా ఉన్న ఊచలు చూశాక అది అక్కడే ఆగిపోయింది. ఆ ఊరు థాయిలాండు సరిహద్దు దగ్గరది. మేడమ్ మ్యాపులో ఆ ఊళ్ళో మందుల షాపులన్నీ వెతికి, ఎదురుగా గోడలున్న మేడ ఉన్నదాన్ని పట్టుకున్నారు. ఆ వివరం ఎస్సైకి ఇచ్చాం. మేడమ్ తనకు తెలిసిన అక్కడి మనిషి ఒకావిడకి కూడా పంపారు, ఆవిడ ఇలాంటి వాళ్ళని బయటికి తెచ్చే పనిలో ఉందట.

మూడోరోజు నా ఫోనుకి తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది. నేను బెల్లం మార్కెట్లో ఉన్నాను, నాన్న దిమ్మలు దింపిస్తున్నాడు.

"తమ్ముడూ, బాగున్నావా?" మెత్తటి గొంతు. సెమినార్ హాల్లో విన్నదే. "నాన్నగారి బెల్లం ఈసారి రంగు బాగా తిరిగిందట కదా."

నేను చుట్టూ చూశాను. బళ్ళు, కూలీలు, దిమ్మల మీద ముసిరిన ఈగలు. ఎవరూ నావైపు చూడ్డం లేదు.

"ఎవులు మీరు?"

"మీ ఫ్రెండు హాయిగా ఉన్నాడు. స్టేషన్లకి తిరిగి వాడి ఉద్యోగం పాడుచేయకు తమ్ముడూ. మీ గానుగ కాలవ గట్టు మీదే కదా? పక్కన అంత పిప్పి కుప్ప పోసుకున్నారు. ఎండాకాలం. కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి."

పెట్టేశాడు. నాన్నకి చెప్పాలా వద్దా అని ఇంటికెళ్ళేదాకా ఆలోచించి, అన్నం దగ్గర చెప్పాను. మా అమ్మ కంచంలో చెయ్యి ఆపేసింది. నాన్న మజ్జిగ పోసుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు.

"కాల్తే కాల్తాది. పిప్పి మళ్ళీ వత్తాది. ఆ కుర్రోడు మళ్ళీ వత్తాడా?"

అని, గానుగ దగ్గరికి మంచం పట్టుకెళ్ళిపోయాడు. ఎండాకాలం అయ్యేదాకా అక్కడే పడుకున్నాడు. కుప్ప పక్కన డ్రమ్ముల్లో నీళ్ళు నింపి పెట్టుకున్నాం. ఏమీ జరగలేదు. ఆ ఏడు పొయ్యిలో పిప్పి చిటపటమన్నప్పుడల్లా మా అమ్మ బయటికి వచ్చి చూసేది.

బావ ఫోను మాత్రం ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయింది. వాడు కిటికీ చూపించినట్టు వాళ్ళకి తెలిసిపోయిందా అన్న ప్రశ్న నన్ను తినేసింది. వాళ్ళమ్మ రోజూ ఫోన్ చేసి ఏమీ అడగకుండా, "సెరుకు ఆడేసేరా బాబూ?" అనేది. "ఆడుతున్నాం అత్తా," అనేవాణ్ణి. అంతే మాట్లాడుకునేవాళ్ళం. మేడమ్ వేరే ఊరికి ఉద్యోగానికి వెళ్ళిపోయారు. రోజూ పొద్దున్న మెసేజీ పెట్టేవారు: 'ఇంకా లేదు.'

వానలు పడ్డాక కబురు వచ్చింది. అక్కడి పోలీసులు ఆ మేడలోకి వెళ్ళారు. బయటికి తెచ్చినవాళ్ళలో చాలా దేశాలవాళ్ళున్నారు, మనవాళ్ళున్నారు, బావ ఉన్నాడు. ఇంకొన్ని వారాలు అక్కడి శిబిరంలో పెట్టి, కాగితాలన్నీ అయ్యాక పంపారు. వైజాగ్ ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు నేనూ వాళ్ళ నాన్నా ఉన్నాం. వాడు మమ్మల్ని చూసి నవ్వలేదు. అది చూసి నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

కుంటుతూ నడిచాడు. ఎడమ మడమ నేల మీద ఆనించడం లేదు. కారెక్కాక డ్రైవరు తలుపు గట్టిగా వేశాడు. బావ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న ఆ చేతుల్ని మెల్లగా కిందికి దించి, తన ఒళ్ళో పెట్టుకుని, రావికమతం దాకా పట్టుకునే ఉన్నాడు.

రాజయ్యపేట ముసలాయన ఎలా తెలుసుకున్నాడో, మర్నాడు నాకు ఫోన్ చేశాడు. మేనల్లుడి ఫోటో పంపిస్తాను, మీవోడు చూశాడేమో అడగమన్నాడు. అడిగాను. బావ ఆ ఫోటోని చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు. "అలాంటి మేడలు సానా ఉన్నాయి బావా," అన్నాడు.

కొన్నాళ్ళకి వాళ్ళ జీడితోటలో కూర్చున్నప్పుడు వాడంతట వాడే చెప్పాడు.

"తెల్లచొక్కావోడు మమ్మల్ని అమ్ముకున్నాడే గానీ నాకు బాస వచ్చని వాళ్ళకి సెప్పనేదు, నేనూ సెప్పనేదు. కాపలావోళ్ళు ఏం మాటాడుకున్నా నాకు తెలిసీది. కొట్టడానికి ఎవుల్ని ఎప్పుడు కిందికి తీసుకెళ్తారో నాకు ముందే తెలిసీది." రాలిన ఆకు ఒకటి తీసి చించాడు. "తెలవకపోతేనే బాగుణ్ణేమో."

"నీసేత ఏం సేయించేవారు?"

"ఆడపిల్లనని రాయాల. మన తెలుగోళ్ళకే. రోజంతా బాగున్నారా, తిన్నారా, ఒంటరిగా ఉన్నారా అని అడగాల. తరవాత మాటలు వేరేవోళ్ళు అందుకుని డబ్బులు లాగీవారు. నా తెలుగు బాగుంటాదని మెచ్చుకునీవారు బావా."

జీడిచెట్ల కింద ఆకులు చప్పుడు చేస్తుంటే వాడు వెనక్కి తిరిగి చూశాడు. గొడ్డు ఏదో మేస్తోంది.

నది సంగతి నేను ఎత్తలేదు. వాడే అన్నాడు. "శిబిరం నుంచి బస్సులో తెచ్చినప్పుడు దాని మీంచే వచ్చేం అంట. కిటికీలకి తెరలు ఏసీసేరు. పక్కనున్నోడు తెర తియ్యబోతే నేనే వద్దన్నాను. ఎందుకన్నానో తెల్దు."

బావ ఇప్పుడు మెట్టచేలు చూసుకుంటున్నాడు. ఎం.ఏ. పూర్తిచేయలేదు. పూర్తిచేద్దామన్నా ఆ కోర్సు ఇప్పుడు లేదు, మాదే చివరి బ్యాచి. మా గదిలో ఏదో కంప్యూటర్ ల్యాబు పెట్టారని విన్నాను. తెల్లచొక్కా ఆయన దొరకలేదు. ఆయన చెప్పిన పేరు కూడా ఆయనది కాదట.

నేను అనకాపల్లిలో ఒక కోచింగ్ సెంటర్లో జనరల్ స్టడీస్ చెబుతున్నాను. అప్పుడప్పుడు పోలీసులు ఏదో ఒక మసక ఫోటో పంపి, ఇందులో ఏం రాసుందో చూడు మాస్టారూ, అంటారు. చూస్తాను. ఎక్కువసార్లు గోడ తప్ప ఏమీ ఉండదు.

మొన్న క్లాసుకీ క్లాసుకీ మధ్య టీ తాగుతుంటే విదేశీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు. షేర్ మార్కెట్లో మంచి లాభాలొచ్చే పథకం గురించి చెబుతానంది. మాటలు కంఠతా పట్టినట్టు వరసగా వస్తున్నాయి. నేను పెట్టేయబోయాను. "సార్, ఒక్క నిమిసం ఇనండి సార్," అంది తొందర్లో.

మా వైపు యాస.

నేను గ్లాసు కింద పెట్టాను. గొంతు తగ్గించి అడిగాను. "మీదే ఊరమ్మా?"

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. చుట్టూ చాలామంది ఒకేసారి మాట్లాడుతున్న గోల. ఆ పిల్ల ఊపిరి వినిపిస్తోంది.

"పేరూ ఊరూ సెప్పక్కర్లేదు," అన్నాను. "పథకం గురించే సెప్తున్నట్టు సెప్పు. నీ కిటికీలోంచి ఏటి కనిపిస్తాది?"

ఏదో చెప్పబోయినట్టు ఒక చిన్న శబ్దం వచ్చింది. తర్వాత, పక్కకి ఎవరో వచ్చినట్టు, చాలా మామూలు గొంతుతో, "సార్, మా పథకంలో చేరినందుకు ధన్యవాదాలు," అంది. ఫోన్ కట్టయింది.

ఆ నంబరు పోలీస్ స్టేషన్లో ఇచ్చాను. తిరిగి చేస్తే అది పని చేయడం లేదు.